సగటు పెరిగిన వేసవి

అనమ్‌ను ఆ ఉద్యోగంలోకి తీసుకున్నది లెక్కల కోసం. చెన్నైలో పబ్లిక్ హెల్త్‌లో ఎమ్మెస్సీ చేసి, తిరిగి జిద్దాకు వచ్చి తండ్రి నివాస అనుమతి ఇఖామా కింద చేరిన కొన్నాళ్లకు, డాక్టర్ ఉస్మాన్ అనే సూడానీ పరిశోధకుడు నడిపే చిన్న కన్సల్టెన్సీలో డేటా అనలిస్టుగా పని దొరికింది. గాలిలో దుమ్మెంత, తాగే నీళ్లలో ఉప్పెంత, పనిచోట వేడెంత అని కొలిచి కంపెనీలకు నివేదికలు రాసివ్వడం వాళ్ల వృత్తి. ఎవరో కొలిచి తెచ్చిన అంకెలను ఆమె సరిచూసి, పట్టికలు కట్టి, గ్రాఫులు గీయాలి. తన పని అంతవరకే అనుకుంది.

2018 వేసవికి ముందు, జిద్దాకు ఉత్తరాన ఉన్న రాబిగ్ నుంచి పని వచ్చింది. ఊరి బయట యార్డు ఉన్న ఒక మెయింటెనెన్స్ కాంట్రాక్టరు, తన కూలీల ఒంటి మీద ఎండ ఎంత పనిచేస్తుందో తేల్చిపెట్టమన్నాడు. పెద్ద టెండర్లు దక్కాలంటే అలాంటి నివేదిక ఒకటి చూపించాలట. అక్కడ ఎత్తు పనులకు గొట్టాలతో స్కాఫోల్డింగ్ కట్టేవాళ్లలో ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాద్ వైపువాళ్లు. ఉస్మాన్ ముందు హిందీ వచ్చిన ఒకతన్ని పంపిస్తే, ఏ ప్రశ్నకైనా "సబ్ అచ్ఛా హై" అన్న జవాబే వచ్చింది.

"నీకు తెలుగు వచ్చు కదా. వాళ్ల భాషలో అడిగితే ఇంకో మాట చెబుతారేమో," అన్నాడు ఉస్మాన్ ఆమెతో ఇంగ్లీషులో.

అనమ్ ఇంట్లో ఉర్దూ ఎంతో తెలుగూ అంతే. తండ్రి దిలావర్‌ది రాయచోటి. జిద్దాలో ఏసీ టెక్నీషియన్. పాత బజారు బలద్ దగ్గర ఒక పాత భవనంలో రెండు గదుల ఇల్లు. భార్య రహమత్‌బీ, కూతురు అనమ్, ఇంటర్ చదివే కొడుకు సమీర్.

కూలీల యార్డుకు ఆడపిల్లను పంపడమేమిటని రహమత్‌బీ ఒప్పుకోలేదు. దిలావర్, "మన ఊరి మహబూబ్ బాషానే గదా వాళ్ల ఆఫీసు బండి తోలేది. ఆయప్పతో పొయ్యి ఆయప్పతోనే రావల్ల," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి భార్యతో అన్నాడు, "ఆ డాక్టరు బేటీ కఫాలా, పూచీ అంతా, తన ఆఫీసు పేరున మార్చుకుంటానని చెప్పినాడు. మార్చుకుంటే ఒక మనిషి లెవీ అన్నా తప్పుతాది."

విదేశీయుల ఇంట్లో భార్యాపిల్లలు ఒక్కొక్కరికీ నెలకింత అని ప్రభుత్వం రుసుము పెట్టి అప్పటికి ఏడాది కావస్తోంది. అది ఏటా పెరుగుతుందని ముందే ప్రకటించారు. వాళ్ల భవనంలో అప్పటికే మూడు కుటుంబాలు ఖాళీ చేసి వెళ్లిపోయాయి.

యార్డులో క్లినిక్ అంటే ఒక పోర్టాక్యాబిన్. పని మొదలుపెట్టేముందు, దిగాక కూలీల బరువు చూసి, మూత్రం పరీక్ష చేసేవాడు ఫిలిప్పీన్ నర్సు. వేసవి మొదట్లోనూ చివర్లోనూ రక్తం తీసేవాడు. అనమ్ టేబుల్ దగ్గర కూర్చుని ప్రశ్నలు అడిగి రాసుకునేది. మొదటిరోజు నల్ల అబాయాలో ఉన్న ఆమెను చూసి మనుషులు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ముందుగా లోపలికి వచ్చింది యాభై దాటిన మొండయ్య. ఎత్తుల మీద గొట్టాలు బిగించడంలో ఆ గుంపుకు పెద్ద ఆయనే.

"రా మామా, కూచో," అంది అనమ్.

మొండయ్య తేరిపార చూశాడు. "తెలుగేనా? ఏ ఊరు బిడ్డా మనది?"

"రాయచోటి. కడప జిల్లా."

"గందుకే యాస వేరే కొడ్తున్నది," అని నవ్వి కూర్చున్నాడు. మాట కలిసింది.

"పనిలో ఉన్నప్పుడు నీళ్లు ఎన్నిసార్లు తాగుతావు మామా?"

"కిందికి దిగినప్పుడు తాగుత."

"దిగేదెప్పుడు?"

"ఒక్కపాలి ఎక్కితే మల్ల బువ్వ యాళ్లకే దిగుడు. నీళ్లు తాగితె ఒంటికి అస్తది. ఒంటికి పోవాల్నంటె దిగాలె. దిగితె ఫోర్మన్ ఒర్లుతడు. ఎందుకచ్చిన బాధ అని నాలిక తడుపుకొని ఊకుంటం." చెప్పాక అనుమానం వచ్చినట్టు ఆగాడు. "గివన్నీ కంపినోళ్లకు జెప్తవా?"

"పేర్లు చెప్పం. నీకు ఒక నంబరు ఇస్తాము. వాళ్లకు పొయ్యేది అంకెలే."

మొండయ్య బయటికి వెళ్లి ఏం చెప్పాడో గాని, ఆ తర్వాత వచ్చినవాళ్లంతా దాచకుండా మాట్లాడారు. నడుము నొప్పి సంగతి, మూత్రం మంట సంగతి, గదిలో కరెంటు పోయే సంగతి చెప్పారు. ఆమె అడగనివీ చెప్పారు. మొండయ్య మేనల్లుడు లక్ష్మణ్ అయితే తన ఫోన్‌లో ఇంటి దగ్గరి బర్రె దూడను కూడా చూపించాడు. వేసవంతా మహబూబ్ బాషా బండిలో జిద్దా నుంచి రాబిగ్‌కు తిరగడం అలవాటైంది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు రాళ్ల నేల. బండి దిగగానే ముఖానికి కొట్టే వేడి.

సెప్టెంబరు చివర అంకెలన్నీ ఒకచోట చేరాయి. మూత్రపిండాలు రక్తాన్ని ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె ఒకటి ఉంది. వేసవి మొదటికీ చివరికీ దాన్ని పోల్చి గ్రాఫ్ గీసింది. ఎక్కువ వేడిలో పనిచేసినవాళ్ల గీత స్పష్టంగా కిందికి దిగింది. క్లాసులో విన్నది తన చేతుల్లోంచి రావడం అదే మొదటిసారి. అనమ్‌కు ఆ సాయంత్రం అన్నం తినడం మరిచిపోయేంత సంతోషం కలిగింది. ఉస్మాన్ ఆ గ్రాఫ్‌ను చాలాసేపు చూసి, "దీన్ని జర్నల్‌కు పంపాలి. మొదటి పేరు నీదే," అన్నాడు.

అయితే పద్నాలుగుమంది అంకెలు వేసవితో సంబంధం లేకుండానే అడుగున ఉన్నాయి. వాళ్లకు మాత్రం మళ్లీ ఇంకోసారి రక్తం తీసి చూసినా అంతే. వాళ్లకు మూత్రపిండాలు అప్పటికే పాడవుతున్నాయి. అందరికంటే అడుగున ఉన్న నంబరు మొండయ్యది.

ఆ మాట ఆయనకు చెప్పడానికి అనమ్ ప్రత్యేకంగా రాబిగ్ వెళ్లింది. పోర్టాక్యాబిన్ మెట్ల మీద కూర్చుని మొండయ్య అంతా విన్నాడు.

"అంటె ఇగ ఎన్నొద్దులు బతుకుత?"

"అట్లాటి మాట వద్దు మామా. ఎండలో పని తగ్గించి, మందులు వాడితే చానా ఏండ్లు నెట్టుకురావచ్చు. కంపెనీ డాక్టరుకు చెప్తాము. నీడలో పని ఇమ్మని రాస్తాము."

"వద్దు బిడ్డా."

"ఎందుకు?"

"కంపినోనికి ఎరికైతె పంపిస్తడు. నన్ను జూసి ఇంకెవ్వడు తీసుకోడు. ఊరికి పోతె నేను రోగిష్టోన్ని. లేవకురా, మొయ్యకురా అంటరు. ఈడ ఇంకా మొండయ్యనే." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నాకు జెప్పినవ్, మంచిగ జేసినవ్. నీళ్లు తాగుత. ఇంకెవ్వలకు జెప్పకు."

జిద్దాకు తిరిగివచ్చి ఆమె ఈ సంగతి ఉస్మాన్‌కు చెప్పింది. ఆయన ముఖం చిన్నబోయింది.

"అతనికి భయం. అర్థం చేసుకోగలను. కానీ అంత ఎత్తు మీద కళ్లు తిరిగి పడితే? తెలిసి కూడా ఊరుకున్నామని రేపు మన మనస్సాక్షికి ఏం చెబుతాం?" అన్నాడు. కాంట్రాక్టులో, ప్రాణాపాయం ఉంటే కంపెనీ క్లినిక్‌కు తెలపాలన్న నిబంధన ఉందని చూపించాడు. ఆయన మంచి ఉద్దేశంతోనే అంటున్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

నంబర్లు ఒక ఫైలులో, పేర్లు ఇంకో ఫైలులో ఉన్నాయి. రెండింటినీ కలపగలిగింది అనమ్ ఒక్కతే. రెండు రోజులు ఆ పని వాయిదా వేసింది. మొండయ్య పైనుంచి పడిపోయినట్టు ఊహ వచ్చిన ప్రతిసారీ పేర్ల ఫైలు తెరిచి మళ్లీ మూసేది. మూడోరోజు కలిపింది. పద్నాలుగు పేర్లూ, "వీరికి వేడిలో పని తప్పించి వైద్యం అందించాలి" అన్న సిఫారసూ ఉస్మాన్ సంతకంతో వెళ్లాయి. కంపెనీ నుంచి మర్యాదగా ధన్యవాదాలు చెబుతూ జవాబు వచ్చింది. ఆమె నిజంగానే ఊపిరి పీల్చుకుంది.

నెల తిరక్కుండానే లక్ష్మణ్ ఫోన్ చేశాడు. "మేడమ్, మామకు ఖురూజ్ కొట్టిండ్రు. ఇగ రానియ్యకుండ, ఫైనల్ ఎగ్జిట్. మామొక్కడే గాదు, మీరు మల్లొకపాలి పిలిచి రక్తం తీసినోళ్లందర్ని."

కంపెనీలకు కూడా ఆ ఏడాది ఒక్కో విదేశీ పనివాడి మీద లెవీ పెంచారు. సౌదీ పౌరులు ఎంతమంది పనిలో ఉన్నారన్నదాన్ని బట్టి కంపెనీలకు రంగులిచ్చే నితాఖత్‌లో, ఆ వాటా చాలక ఆ కాంట్రాక్టరు రంగు కూడా దిగజారింది. మనుషుల్ని తగ్గించక తప్పదు. ఎవర్ని ముందు తగ్గించాలో వాళ్లకు వెతుక్కునే శ్రమ లేకుండా పోయింది.

ఉస్మాన్ వెంటనే ఆ కంపెనీ మేనేజరుకు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో ఆ జవాబు అనమ్ కూడా విన్నది.

"డాక్టర్, వాళ్లు వేడిలో పనిచేయకూడదని రాసింది మీరే. మా దగ్గర వేడిలో తప్ప పని లేదు. మీ సలహానే పాటించాం."

ఉస్మాన్ ఫోన్ పెట్టేసి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆమె వైపు చూడలేదు.

శుక్రవారం సాయంత్రం మొండయ్య, లక్ష్మణ్ సామాన్లు కొనడానికి బలద్ వస్తారని తెలిసి అనమ్ తండ్రిని వెంటబెట్టుకుని వెళ్లింది. కంబళ్ల దుకాణం ముందు దొరికారు. దిలావర్ నలుగురికీ చాయ్ తెప్పించాడు. మొండయ్య చాయ్ తాగాడు, దిలావర్‌తో రాయచోటిలో వానల గురించి మాట్లాడాడు. అనమ్‌తో మాత్రం మాట్లాడలేదు.

"మామా, ఊరికి పోయినాక జగిత్యాలలో పెద్ద డాక్టరుకు చూపించు. నేను కాగితం రాసిస్తా," అంది ఆమె చివరికి.

"దవాఖాన ఏడున్నదో నాకెరికే."

"నేను మంచే జరుగుతాదనుకున్న్యా మామా."

మొండయ్య గ్లాసు కింద పెట్టాడు. గొంతు పెంచలేదు. "మంచికే జేసినవ్. కాదంటలేను. గని నన్ను అడిగినవ్ గదా బిడ్డా. నేను వద్దన్న గదా. మరి ఎందుకు అడిగినట్టు?"

లక్ష్మణ్ కంబళి మూట భుజానికెత్తుకున్నాడు. ఇద్దరూ జనంలో కలిసిపోయారు. ఇంటికి నడుస్తూ దిలావర్, "అట్లా ఏడిస్తే ఎట్లా బేటీ, పద," అన్నాడు.

అనమ్ ఆ తర్వాత కూడా ఉద్యోగం మానలేదు. మానితే ఏం చేయాలో తెలియలేదు. కఫాలా మార్పు మాత్రం జరగలేదు. ఉస్మాన్ ఆఫీసు కూడా పసుపు రంగులోకి జారింది. పసుపులో ఉన్నవాళ్లకు కొత్త మనుషుల్ని తమ పేరున మార్చుకునే వీలు లేదు. ఆమె తండ్రి మీద ఆధారపడిన మనిషిగానే, ఆయన లెవీ కడుతుంటేనే, రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చేది.

తర్వాతి వేసవిలో అదే యార్డులో రెండో విడత పరీక్షలు జరిగాయి. కంపెనీ కొన్నిచోట్ల నీడకు వలలు కట్టించింది. నీళ్ల డ్రమ్ములు పెట్టించింది. కూలీలు ఈసారి అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పారు. లక్ష్మణ్ ప్రతి ప్రశ్నకూ "మంచిగనే ఉన్న మేడమ్" అన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు.

అంకెలు చేర్చి చూస్తే సగటు పెరిగింది. నిరుటికంటే అందరి మూత్రపిండాలూ బాగున్నట్టు కనిపించింది. కంపెనీ మేనేజరు సంబరపడిపోయి, "మేము చేపట్టిన చర్యల వల్ల కార్మికుల ఆరోగ్యం మెరుగుపడింది" అన్న వాక్యం నివేదిక మొదటి పేజీలో రావాలని కబురు పంపాడు.

అనమ్‌కు నమ్మకం కుదరలేదు. రెండు వేసవుల్లోనూ ఉన్న మనుషుల్ని మాత్రమే విడిగా తీసి లెక్కేసింది. వాళ్ల అంకె పెరగలేదు సరికదా, కొంచెం తగ్గింది. సగటు పెరిగింది ఎందుకంటే, అడుగున ఉన్న పద్నాలుగుమంది ఇప్పుడు లేరు. వాళ్లను తీసేసిన చోట కొత్తగా ఎవరూ రాలేదు కూడా. రోగులు వెళ్లిపోతే మిగిలినవాళ్లు ఆరోగ్యవంతులు. ఆ సంగతి రెండు పేరాల్లో రాసి ఉస్మాన్ ముందు పెట్టింది.

ఆయన చదివాడు. "లెక్క సరిగ్గానే ఉంది," అన్నాడు.

"అయితే మొదటి పేజీలో ఇదే రావాలి డాక్టర్."

"అనమ్, ఈ బిల్లు రాకపోతే ఆఫీసు అద్దె కట్టలేను. రంగు మారకపోతే నా ఇఖామా కూడా రెన్యూ కాదు. నేను తిరిగి వెళ్లే ఖార్టూమ్ ఎలా ఉందో రోజూ వార్తల్లో చూస్తున్నావు." ఆమె రాసిన కాగితాలను నివేదిక అడుక్కి చేర్చాడు. "చివర్లో, పరిమితుల కింద పెడదాం. చదివేవాళ్లు చదువుతారు."

ఆమె రాసిన రెండు పేరాలు చివరి పేజీలో ఒకటిన్నర వాక్యంగా మారాయి. కంపెనీ చూసి పంపిన ప్రతిలో ఆ ఒకటిన్నర వాక్యం కూడా లేదు. ఉస్మాన్ సంతకం పెట్టాడు.

"దాని మీంచి నా పేరు తీసెయ్యండి," అంది అనమ్.

"నీ పేరుతో వచ్చే మొదటి నివేదిక ఇదే. రేపు ఎక్కడైనా ఉద్యోగానికి చూపించడానికి నీ దగ్గర ఇదొక్కటే ఉంటుంది."

"తెలుసు."

ఆయన తీసేశాడు. జర్నల్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పనివాళ్ల సమాచారం వాడుకోవడానికి కంపెనీ ఇక ఒప్పుకోదని ఇద్దరికీ తెలుసు.

ఆ శీతాకాలమే దిలావర్ భార్యాపిల్లల్ని ఊరికి పంపి ఇల్లు ఖాళీ చేయాలని నిర్ణయించుకున్నాడు. ముగ్గురి లెవీ ఇంకా పెరిగింది. ఆయన జీతం పెరగలేదు. రహమత్‌బీ ఫ్రిజ్, మంచాలు, కుట్టుమిషన్ అమ్మకానికి పెట్టింది. కొనేవాళ్లు లేరు, వీధిలో అందరూ అమ్మేవాళ్లే. సమీర్‌కు ఆ ఊరు తప్ప ఇంకో ఊరు తెలియదు. విమానాశ్రయానికి మహబూబ్ బాషానే తీసుకెళ్లాడు. వాళ్లను పంపించి దిలావర్ ఇంకో ఆరుగురితో కలిసి ఉండే గదికి తిరిగి వెళ్లాడు.

హైదరాబాదులో రెండు ఇంటర్వ్యూలకు వెళ్లింది అనమ్. రెండు చోట్లా "అక్కడ చేసిన పని ఏదైనా చూపించగలరా?" అని అడిగారు. లేదంది. చివరికి కడపలో నీళ్ల ఫ్లోరైడ్ సర్వే ఒకదానిలో ఆరు నెలల తాత్కాలిక పని దొరికింది. ఊరూరా పరీక్షలు చేసి తెచ్చిన అంకెలను కంప్యూటర్‌లోకి ఎక్కించాలి.

అక్కడ చేరిన కొన్నాళ్లకు ఆమె లక్ష్మణ్‌కు ఫోన్ చేసి, ఆ పద్నాలుగుమంది నంబర్లు ఇవ్వగలడా అని అడిగింది. "ముందుగాల వాళ్లనడుగుత. సరేనన్నోళ్ల నంబర్లే ఇస్త," అన్నాడు లక్ష్మణ్. వారం తర్వాత తొమ్మిది నంబర్లు పంపాడు. మొండయ్య నంబరు అందులో ఉంది.

ఒక ఆదివారం పొద్దున ఆ నంబరుకు చేసింది. ఆడగొంతు పలికింది.

"ఎవలు?"

"నేను అనమ్ అమ్మా. సౌదీలో మామ పనిచేసే తావున..."

"రక్తం తీసిన పిల్లవా?" ఆమె మొండయ్య భార్య పోశమ్మ. "పండుకున్నడు. నిన్న జగిత్యాలకు పోయి రక్తం కడిగించుకొని అచ్చినం. అచ్చిన తెల్లారి లేవడు. వారానికి రెండు మాట్ల గిదే కత."

డయాలసిస్ దాకా వచ్చిందని అనమ్‌కు అర్థమైంది. అవతల ఏదో గొణుగుడు, ఫోన్ చేతులు మారిన చప్పుడు వినిపించాయి.

"ఏంది బిడ్డా?" గొంతు సన్నగా అయిపోయింది.

"ఎట్లుండావో అడుగుదామని చేసినా మామా. నీకు ఇష్టమైతేనే చెప్పు. వద్దంటే పెట్టేస్తా."

"దేనికి?"

"ఆడ కంపెనీవాళ్లు అందరికీ బాగైందని రాసుకున్న్యారు. అందులో మీరెవురూ ల్యారు. మీకేమైందో ఎవురూ రాయలా."

"రాస్తె నా పాణం మంచిగైతదా?"

"కాదు మామా."

అవతల దగ్గు వచ్చింది. పోశమ్మ నీళ్లు ఇచ్చినట్టుంది. కొద్దిగానే తాగమని చెప్పడం వినిపించింది. అనమ్ ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఆయన పెట్టేస్తాడేమోనని అనుకుంది.

"అడుగు," అన్నాడు మొండయ్య.

కాళ్లవాపు ఎప్పుడు మొదలైందీ, మొదట ఏ ఆసుపత్రిలో చూపించిందీ, పని పూర్తిగా మానింది ఎప్పుడో ఆమె ఒక్కొక్కటీ అడిగింది. ఆయన తెలిసినంత చెప్పాడు. తెలియనివి పోశమ్మ పక్కనుంచి అందించింది. కాసేపటికి ఊపిరి అందక ఆగిపోయాడు. మిగిలింది ఇంకోరోజు అడగమన్నాడు. కోపం ఉందో పోయిందో ఆ గొంతులో తెలియలేదు. ఆమె అడగలేదు.

రెండో నంబరు నర్సింలుది. ఫోన్ కలవలేదు. మూడోదానికి ఒకామె పలికి, తన భర్త ఇంట్లో లేడనీ, పోయిన నెలే దుబాయ్ వెళ్లాడనీ చెప్పింది.

"మెడికల్ పరీక్ష పాసైనాడా అమ్మా?" అని అడిగింది అనమ్.

"ఎట్లనో పాసైండు. ఏజెంటు జూసుకున్నడట."

"ఆడ పని ఏందంట?"

"గదే పని. ఎండల."

అనమ్ అది రాసుకుని, అతని దుబాయ్ నంబరు ఉంటే చెప్పమంది.